జిమ్‌లో బరువులెత్తేవాళ్లు ఏం ఉద్యోగాలు చేస్తున్నారు? ఒక సలహా కావాలి

నాకిప్పుడు కుర్చీ ఉద్యోగం. ఎనిమిది గంటలు కూర్చుని లేచేసరికి తుంటి దగ్గర బిగుసుకుపోతుంది, స్క్వాట్‌లో కిందికి దిగాలంటే వార్మప్‌కే అరగంట పోతోంది. ఇంకో చోట గోడౌన్ సూపర్‌వైజర్ పని వచ్చేలా ఉంది. జీతం కాస్త ఎక్కువే. కానీ రోజంతా నిలబడాలి, మనుషులు తక్కువైతే పెట్టెలు నేనూ మోయాలి, నెలలో ఒక వారం నైట్ షిఫ్ట్. మోత కన్నా నిద్ర గురించే నాకు టెన్షన్. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకెత్తి నిటారుగా నిలబడడం) చేసిన మర్నాడు నడుము ఎలా ఉంటుందో, పిడికిలి ఎంత బిగుస్తుందో మీకు తెలుసు కదా.

బాడీబిల్డర్ రోనీ కోల్‌మన్ పోలీసు ఉద్యోగం చేస్తూనే 1998లో మిస్టర్ ఒలింపియా పోటీ గెలిచాడని మాత్రం చెప్పకండి, ఆయన లెక్క వేరు! నాకు మామూలు మనుషుల సంగతి కావాలి.

ఒళ్లొంచే పని చేస్తూ వెయిట్స్ కొనసాగిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? డ్యూటీకి ముందు చేస్తారా, తర్వాతా? వారంలో రోజులు తగ్గించారా, లేక సెట్లు తగ్గించారా? నైట్ షిఫ్ట్ వారంలో బరువు పెంచడం పూర్తిగా ఆపేస్తారా? నర్సులు, తాపీమేస్త్రీలు, డెలివరీ పనిలో ఉన్నవాళ్లు చెబితే మరీ మంచిది. శుక్రవారంలోగా ఆ కంపెనీకి ఏదో ఒకటి చెప్పాలి.