మర్యాదకు మార్కులు వేయవచ్చా? బడిలో సామాజిక నైపుణ్యాల బోధనపై చర్చ

తార్నాక నుంచి ఒక తల్లి (ప్రశ్న)

మా అబ్బాయి నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాడు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ‘మర్యాద, సామాజిక నైపుణ్యాలు’ పేరుతో వారానికి రెండు పీరియడ్లు పెడతామనీ, దానికి 50 మార్కులు ఉంటాయనీ, అవి ప్రోగ్రెస్ కార్డులో కలుస్తాయనీ యాజమాన్యం సర్క్యులర్ పంపింది. పెద్దలకు నమస్కరించడం, ఎదుటివారి కళ్లలోకి చూస్తూ మాట్లాడటం, ఫోర్కుతో భోంచేయడం, ఫోన్‌లో మాట్లాడే పద్ధతి, నలుగురిలో తడబడకుండా తనను పరిచయం చేసుకోవడం అందులోని ప్రధానాంశాలు.

పిల్లలకు నడవడిక ఎవరో ఒకరు నేర్పవలసిందేనన్న విషయంలో నాకు సందేహం లేదు. మా ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరం. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎలా పలకరించాలో పిల్లవాడు చూసి నేర్చుకునే సందర్భాలే తక్కువయ్యాయి. అయితే దీన్ని లెక్కల మాదిరిగా పరీక్ష పెట్టి మార్కులు వేసే సబ్జెక్టుగా మార్చవచ్చా? శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. అక్కడ మాట్లాడేముందు మీ అభిప్రాయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మలక్‌పేట

వద్దనే అంటాను. చదువుతో పాటు నడవడికనూ ఏడాది పొడవునా అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు మన ప్రభుత్వ బడుల్లో ‘విలువల విద్య, జీవన నైపుణ్యాలు’ అనే అంశానికి గ్రేడ్లు ఇవ్వవలసి వచ్చింది. సీబీఎస్ఈ కూడా 2009లో ఇటువంటి పద్ధతినే తెచ్చి 2017లో దానికి స్వస్తి చెప్పింది. ఉద్దేశం మంచిదే గానీ, కిక్కిరిసిన తరగతిలో ఏ పిల్లవాడికి ఎంత సహనం ఉందో ఉపాధ్యాయుడు దేనితో కొలుస్తాడు? నేను చూసిన బడుల్లో చాలావరకు ఆ గడులన్నీ రిజిస్టరు అప్పగించే రోజున ఒక్క బిగిన నిండిపోయేవి. అల్లరివాడికి ఒక గ్రేడు తగ్గేది, నోరెత్తనివాడికి ఒక గ్రేడు పెరిగేది.

పిల్లలు నడవడిక ఎక్కడ నేర్చుకుంటారో చెబుతాను. తరగతిలో ఒక పిల్ల వాంతి చేసుకుంటుంది, ఆయాను పిలవాలి. ఒక టీచరు గుమ్మంలో నిలబడి ‘ఏయ్, ఇటు రా’ అని కేక వేస్తుంది. ఇంకొక టీచరు ‘అమ్మా, కొంచెం వస్తావా’ అని పిలిచి, ఆమె తుడుస్తున్నంతసేపూ తానే బెంచీ పక్కకు జరిపి పట్టుకుంటుంది. తరగతి మొత్తం చూస్తూనే ఉంటుంది. ఆ పిల్లలు ఆ ఏడాదంతా ఆయాతో ఎలా మాట్లాడతారన్నది అక్కడే తేలిపోతుంది. ముందు పెద్దలు మారాలి, ఇంట్లోనైనా బడిలోనైనా. అంతే తప్ప కొత్త పుస్తకమూ కొత్త పీరియడూ పెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

ఉద్యోగ నైపుణ్యాల శిక్షకుడు, అమీర్‌పేట

మాస్టారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. చూసి నేర్చుకోవాలంటే చూపించేవారు ఉండాలి కదా! జిల్లాల నుంచి ఇంజనీరింగ్ పూర్తి చేసి నా దగ్గరికి వచ్చేవారిలో తెలివితేటలకు కొదవ లేదు. నమూనా ఇంటర్వ్యూలో అటువంటి ఒక అబ్బాయి కూర్చోమనేదాకా నిలబడే ఉంటాడు, పెద్దల ముందు చూపు దించుకోవాలని ఇంట్లో నేర్పారు కాబట్టి నేల చూస్తూ జవాబు చెబుతాడు. ఇంటర్వ్యూ చేసేవారు దాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడం కింద రాసుకుంటారు. బృంద చర్చలో ఇతరుల మాటకు అడ్డు తగలకుండా తన మాట ఎలా అందుకోవాలో అతనికి ఎవరూ చెప్పలేదు. పక్కన కూర్చున్న నగరం పిల్లవాడికి అది ఇంట్లోనే అబ్బింది. తెలంగాణ ప్రభుత్వం 2014లో టాస్క్ సంస్థను ప్రారంభించి, సాంకేతిక శిక్షణతో పాటు ఇటువంటి నైపుణ్యాలూ నేర్పిస్తున్నదంటే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. ఇరవై రెండేళ్లకు ఫీజు కట్టి నేర్చుకునేదాన్ని పన్నెండేళ్లకే బడి నేర్పితే తప్పేమిటి? మార్కులు కూడా ఉండవలసిందే. మార్కులు లేని పీరియడ్‌ను మన పాఠశాలలు పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారికి అప్పగిస్తాయి.

బోయిన్‌పల్లి నుంచి మరొక తల్లి

మా బాబుకు ఆటిజం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పాటైన జాతీయ సంస్థకు మా ఇల్లు దగ్గర కావడం వల్ల బాబు చిన్నతనం నుంచీ ఇటువంటి శిక్షణ ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తున్నాను. మాస్టారూ, ‘చూసి నేర్చుకుంటారు’ అన్న మాట మా పిల్లలందరికీ వర్తించదు. ఆడుకుంటున్న పిల్లల్లో ఎలా చేరాలో మా బాబుకు మెట్టు మెట్టుగా నేర్పవలసి వచ్చింది. ముందు చేయి చాచినంత దూరంలో ఆగాలి. వాళ్లు ఏ ఆట ఆడుతున్నారో చూడాలి. ఆ ఆట అయ్యేదాకా ఉండాలి. అప్పుడు ‘నేనూ ఆడొచ్చా?’ అని అడగాలి. వద్దంటే ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే చెప్పి ఉంచాలి. ఇంట్లో నేను, వాళ్ల నాన్న, మామయ్య పిల్లల్లా నటిస్తూ సాధన చేయించాం. ఇప్పుడు కాలనీ పార్కులో తనంతట తాను అడుగుతున్నాడు. కాబట్టి ఈ విషయాలను విడమర్చి నేర్పాలన్నవారి పక్షాన నేను గట్టిగా నిలబడతాను. మామూలు పిల్లల్లోనూ బిడియం వల్ల గోడ పక్కన నిలబడిపోయేవారు ఎందరో ఉన్నారు. ‘అదే వస్తుందిలే’ అని వదిలేస్తే వారికి అన్యాయం చేసినట్లే.

మార్కుల దగ్గర మాత్రం శిక్షకుడుగారితో ఏకీభవించలేను. కళ్లలోకి చూస్తూ మాట్లాడితే మార్కులన్నారు. మా బాబు ఎదుటివారి కళ్లలోకి చూస్తే వారు చెప్పే మాట వినలేడు. పక్కకు చూస్తేనే శ్రద్ధగా వింటాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. వైకల్యాన్ని గుర్తించిన దేశంలో ఆ వైకల్య లక్షణానికే బడి మార్కులు కోస్తానంటే ఎలా ఒప్పుకోగలం?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

ఈ సర్క్యులర్‌లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటుంది. నమస్కారం పెద్దలకు, పరిచయం అతిథులకు. వాచ్‌మన్‌తో, పనిమనిషితో, డెలివరీ కుర్రవాడితో ఎలా మాట్లాడాలో ఒక్క ముక్క లేదు. మా వైపు కొన్ని అపార్ట్‌మెంట్లలో పనివాళ్లు సర్వీసు లిఫ్టులోనే ఎక్కాలన్న నోటీసులు అంటించి ఉంటాయి. ఆ నోటీసు చదువుతూ పెరిగే పిల్లవాడికి ఫోర్కు పట్టుకోవడం నేర్పి మర్యాద నేర్పామంటే నేను ఒప్పుకోను. అసలు ఆ ఫోర్కు అంశమే తీసేయాలి. పప్పన్నం చేత్తో కలుపుకొని తినడం తక్కువ పని అన్న భావం పిల్లలకు బడి నుంచే అంటకూడదు.

డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, విద్యానగర్

నేర్పడానికీ మార్కులు వేయడానికీ ముడిపెట్టనక్కరలేదు. జపాన్‌లో నైతిక విద్యను ప్రాథమిక పాఠశాలల్లో 2018 నుంచి, ఆపై మాధ్యమిక తరగతుల్లో 2019 నుంచి ప్రత్యేక సబ్జెక్టు చేశారు. అయినా అంకెల్లో మార్కులు వేయరు, పిల్లవాడు ఎలా ఎదుగుతున్నాడో ఉపాధ్యాయుడు మాటల్లో రాస్తాడు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన ‘హ్యాపీనెస్’ తరగతులకూ పరీక్ష పెట్టలేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మలక్‌పేట

బోయిన్‌పల్లి సోదరి చెప్పినదాన్ని కాదనలేను. ఆ విధంగా విడమర్చి నేర్పడం అందరు పిల్లలకూ మేలే చేస్తుంది. కానీ ఆమె చెప్పిన సాధనకు ఓపికా శిక్షణా కావాలి. ఒక పీరియడ్ ఖాళీగా ఉన్న టీచరును ఆ తరగతికి పంపితే పాఠం చదివించి కూర్చోబెడతారు. మార్కులు లేకపోతే పీరియడ్ మాయమవుతుందన్న శిక్షకుడుగారి భయమూ నిజమే, అందుకు నా దగ్గర మందు లేదు.

తార్నాక నుంచి ఒక తల్లి

అందరికీ కృతజ్ఞతలు. శనివారం ఈ విధంగా అడుగుదామనుకుంటున్నాను. మార్కులు తీసేసి, ఏడాదికి రెండుసార్లు మాటల్లో రాసి ఇవ్వాలి. కళ్లలోకి చూడటం, ఫోర్కు వంటి అంశాలు తొలగించి, ఆటలో చేరడం, అభిప్రాయభేదం వచ్చినప్పుడు మాట్లాడటం, పనివాళ్లతో మాట్లాడే తీరు చేర్చాలి. ఇంటర్వ్యూ వంటి సందర్భాల పద్ధతులు పెద్ద తరగతులకు ఉంచాలి. ఆ పీరియడ్లను పరీక్షల ముందు వేరే సబ్జెక్టుకు ఇవ్వబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇక ఆ తరగతి ఎవరు తీసుకుంటారు, వారికి శిక్షణ ఎవరిస్తారు అన్నదానికి సర్క్యులర్‌లో సమాధానం లేదు కాబట్టి మొదట అదే అడుగుతాను. యాజమాన్యం ఏమన్నదీ ఆదివారం ఇక్కడే రాస్తాను.