రొయ్యల మేత షాపు ఖాతాలకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండి? ఇంట్లో పాత కంప్యూటర్ వాడొచ్చా?

ఉండి మేత షాపు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్కన ఉండి, రొయ్యల మేత, చెరువు మందులు అమ్ముతాం. ఇన్నాళ్ళూ చిట్టా పుస్తకం, బిల్లు బుక్కు మీదే నడిచింది, నెలాఖరుకి బిల్లులన్నీ కట్టగట్టి ఆడిటర్ గారికి పంపితే రిటర్న్‌లు వాళ్ళే వేస్తున్నారు. ఇప్పుడు ఖాతాలు బాగా పెరిగిపోయాయి, కంప్యూటర్లో పెడదామనుకుంటున్నాను. ఇంట్లో మా అబ్బాయిది పాత కంప్యూటర్ ఉంది, విండోస్ 10, 4 జీబీ ర్యామ్, అదే షాపుకి తెచ్చేసుకోవచ్చా? ఇక్కడ ఒకాయన ఎంఎస్ ఆఫీసు, టాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్), తెలుగు ఫాంట్లు, యాంటీవైరస్ అన్నీ కలిపి వెయ్యి రూపాయలకి లోడ్ చేసిస్తానంటున్నాడు, చేయించెయ్యమంటారా? మాకు అరువు ఖాతాలే ఎక్కువండి, అది చూసి చెప్పండి.

తణుకు అకౌంట్స్:
నమస్తే అండి. ముందు ఆ వెయ్యి రూపాయల సంగతి, దయచేసి చేయించకండి. వెయ్యికి ఒరిజినల్ టాలీ, ఒరిజినల్ ఆఫీసు రావు, అది క్రాక్ కాపీ, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ. క్రాక్ ఎక్కించడానికి ముందు వాళ్ళు చేసే పని ఏంటంటే విండోస్‌లో ఉన్న సెక్యూరిటీని ఆపేయడం, ఆ తర్వాత ఆ క్రాక్ ఫైలులో ఇంకేం దూరి ఉందో లోడ్ చేసినాయనకి కూడా తెలీదు. ఫైళ్ళన్నీ తాళం పడిపోయి డబ్బులు కడితేగానీ తెరవం అని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చిన షాపు నేను కళ్ళారా చూశాను, రైతుల బాకీలు ఎవరిది ఎంతో వాళ్ళని వీళ్ళని అడిగి రాసుకోవాల్సొచ్చింది పాపం. పైగా జీఎస్టీ ఫార్మాట్లు మారినప్పుడల్లా ఒరిజినల్‌కి అప్‌డేట్ వస్తుంది, క్రాక్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోద్ది.

ఇక ఏది కొనాలి అనేముందు మీ షాపులో నిన్నటి బిల్లు ఒకటి ముందు పెట్టుకోండి. రైతు వస్తాడు, పాతిక కేజీల మేత బస్తాలు పది, ప్రోబయోటిక్ రెండు డబ్బాలు, మినరల్స్ ఒక బస్తా పట్టుకెళ్తాడు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యాక ఇస్తానండి అంటాడు. ఆయనకి రెండు మూడు చెరువులు ఉంటాయి, ఏ చెరువుకి ఎంత మేత వెళ్ళిందో ఆయనే మిమ్మల్ని అడుగుతాడు. మందు డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటుంది. రొయ్యల మేతకి జీఎస్టీ లేదు, మందుల్లో, మినరల్స్‌లో కొన్నిటికి ఉంటుంది, అంటే ఒకే బిల్లులో పన్ను లేనిదీ ఉన్నదీ రెండూ రావాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని రైతుకి అమ్మేటప్పుడు ఇలా కలిపి ఇచ్చే బిల్లుకి రూల్స్‌లోనే వెసులుబాటు ఉంది, ఇన్వాయిస్ కమ్ బిల్ ఆఫ్ సప్లై అంటారు. మీరు చూసే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే డెమోలో ఇదే బిల్లు వేయించండి. వాళ్ళు తెచ్చుకున్న సబ్బులు, బిస్కెట్ల బిల్లు చూసి ఒప్పేసుకోకండి.

టాలీ ప్రైమ్‌లో ఇవన్నీ అవుతాయండి, బ్యాచ్, ఎక్స్‌పైరీ, పార్టీ వారీ వడ్డీ లెక్క అన్నీ ఉన్నాయి, చెరువు వారీ కావాలంటే ఒక్కో చెరువుని కాస్ట్ సెంటర్‌గా (విడిగా లెక్క తేలే పద్దుగా) పెట్టుకోవచ్చు. నెట్ లేకపోయినా బిల్లు పడుతుంది, మీ ఆడిటర్ ఆఫీసులో అందరికీ చేతనైనదే కాబట్టి డేటా ఇస్తే వాళ్ళు చూసుకుంటారు. ఖర్చు ఉంటుంది మరి, సింగిల్ యూజర్ మీకు చాలు. కొనేముందు ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా వేసుకుని నేర్చుకోండి, అందులో నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీ పడుతుంది గానీ చెయ్యి తిరగడానికి అది సరిపోద్ది.

పాలకొల్లు మొబైల్స్:
టాలీ అంటే కీబోర్డు షార్ట్‌కట్లు అవీ నేర్చుకోవాలి కదండి, షాపులో కూర్చునే కుర్రాడికి కష్టం. మేం వ్యాపార్ యాప్ వాడుతున్నాం, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ పనిచేస్తుంది, బిల్లు అవ్వగానే వాట్సాప్‌లో కస్టమర్‌కి వెళ్ళిపోద్ది, బాకీ గుర్తు చేసే మెసేజ్ కూడా పంపొచ్చు.

తణుకు అకౌంట్స్:
మీ షాపుకి అది బాగానే ఉంటుందన్నా, కాదనట్లేదు, కౌంటర్ మీద క్యాష్ అమ్మకం ఎక్కువైతే అలాంటి యాప్‌లే హాయి. మేత షాపులో ఒక్కో ఖాతా నెలల తరబడి సాగుతుంది, బాకీ లక్షల్లో ఉంటుంది, అందుకని నేను టాలీ వైపు చెప్పాను. ఏది తీసుకున్నా అమ్మేవాళ్ళని రెండు సంగతులు అడగండి. మొత్తం డేటా, పార్టీ లెడ్జర్లు, స్టాకుతో సహా ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చా? వచ్చే ఏడాది డబ్బులు కట్టకపోతే పాత ఖాతాలు తెరిచి చూసుకోనిస్తుందా? ఈ రెండిటికీ నీళ్ళు నమిలితే అక్కడితో వదిలెయ్యండి, మీ రైతుల బాకీ లెక్క ఇంకొకళ్ళ గుప్పెట్లో ఉండకూడదు.

ఆత్రేయపురం పూతరేకులు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మేం ఇంటి దగ్గర పూతరేకులు చేసి పార్శిళ్ళు పంపుతాం, జీఎస్టీ లేదు, మాకూ ఇదంతా కావాలా?

తణుకు అకౌంట్స్:
అక్కర్లేదమ్మా. గూగుల్ షీట్స్‌లో ఒక షీటు చాలు, తేదీ, పేరు, ఊరు, ఎన్ని బాక్సులు, డబ్బు వచ్చిందా లేదా, పార్శిల్ నంబరు. ఇంట్లో ఇంకొకళ్ళ ఫోన్లో కూడా అదే షీటు తెరుచుకుంటుంది కాబట్టి ఇద్దరూ రాసుకోవచ్చు.

ఉండి మేత షాపు:
చాలా థాంక్స్ అండి. మరి ఆ పాత కంప్యూటర్, ఆఫీసు, యాంటీవైరస్ మాటేంటి?

తణుకు అకౌంట్స్:
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంటే సెక్యూరిటీ అప్‌డేట్‌లు మామూలుగా ఇక రావు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే, మీది అంత పాతదైతే ఎక్కదు. అందుకని షాపుకి ఒరిజినల్ విండోస్ 11తో వచ్చేది ఒకటి కొనండి, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) ఉంటే చాలు, దాంతో పాటు యూపీఎస్ తప్పనిసరి, ఎంట్రీ మధ్యలో కరెంటు పోతే డేటా ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. అబ్బాయి పాత దాంట్లో ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టండి, ఉచితం, వాడి చదువుకి, నెట్ చూసుకోడానికి బాగా సరిపోద్ది. వాడి గేములు, మీ ఖాతాలు ఒకే దాంట్లో ఉండకూడదండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

ఆఫీసుకి లిబ్రే ఆఫీస్ వేసుకోండి, పైసా కట్టక్కర్లేదు, ఉత్తరాలు, కొటేషన్లు, రేట్ల పట్టీ అన్నీ అవుతాయి, మింట్‌లో అయితే ముందే ఉంటుంది. ఆడిటర్ గారికి పంపేటప్పుడు మాత్రం సేవ్ యాజ్‌లో ఎక్సెల్ రకం ఎంచుకోండి. యాంటీవైరస్‌కి విండోస్‌తో వచ్చే విండోస్ సెక్యూరిటీ చాలు, దాన్ని ఎవరన్నా ఆపమంటే ఆపకండి. సపోర్ట్ వాళ్ళం అని ఫోన్ చేసి స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటే మీరు పిలిచినవాళ్ళయితేనే వేసుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

నరసాపురం డీటీపీ:
తెలుగు ఫాంట్ల గురించి నేను చెప్తాను. ఆ లోడ్ చేసేవాళ్ళు ఇచ్చేది ఎక్కువగా అనూ ఫాంట్లు, కరపత్రాలు కొట్టే మాలాంటోళ్ళకి తప్పదు గానీ మీకెందుకండి, అందులో కొట్టింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. విండోస్‌లో నిర్మలా ఫాంటు ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో భాష దగ్గర తెలుగు కలిపి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే తెలుగు వచ్చేస్తుంది. బోర్డుకి, రేట్ల పట్టీకి లావు అక్షరం కావాలంటే రామభద్ర, మామూలుగా మండలి, రెండూ ఉచితంగా దొరుకుతాయి.

తణుకు అకౌంట్స్:
బ్యాకప్ మర్చిపోయాను రాయడం. రోజూ షాపు కట్టేసేముందు టాలీలో బ్యాకప్ కొట్టి పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్ళండి, రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చి మార్చి. మనది తుఫాన్ల సీమ, షాపులోకి నీళ్ళొస్తే కంప్యూటర్, పక్కన సొరుగులో పెట్టిన పెన్‌డ్రైవ్ రెండూ పోతాయి. వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టండి, 15 జీబీ ఉచితంగా ఇస్తారు, మీ డేటా అందులో మూలకి కూడా రాదు. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే ఫోల్డర్లోకి రీస్టోర్ చేసి ఒక రైతు ఖాతా తెరిచి నిల్వ సరిపోయిందో లేదో చూసుకోవాలి, చాలామంది బ్యాకప్ కొడతారు గానీ అది తెరుచుకుంటుందో లేదో అవసరం పడేదాకా చూడరు.

ఉండి మేత షాపు:
అలాగేనండి. మరి చిట్టాలో ఉన్న పాత బాకీలు ఎక్కించేదెలా? ఏప్రిల్ దాకా ఆగాలా?

తణుకు అకౌంట్స్:
ఏప్రిల్ 1 నుంచి మొదలెడితే ఆడిటర్ గారికీ మీకూ సులువు, ఈలోపు ఎడ్యుకేషనల్ మోడ్‌లో చెయ్యి తిప్పుకోండి. మార్చి 31 రాత్రికి ఒక్కో రైతు నిల్వ చిట్టాలో తేల్చి, ఆ రైతుకి చూపించి సంతకం పెట్టించుకుని, అదే అంకె ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా వేయండి. స్టాకు కూడా ఆ రోజే బస్తాలు లెక్కపెట్టి బ్యాచ్ వారీ ఎక్కించండి. మొదటి నెల చిట్టా కూడా రాస్తూ ఉండండి, రెండూ కలిశాకే ఆపండి.