పాస్‌పోర్ట్ గడువు 4 నెలలే ఉంది, వీసా ఉంటే ఎక్కనిస్తారా?

వెళ్లేది 2 వారాలకే, వీసా వచ్చేసింది. 6 నెలల గడువు ఉండాల్సిందేనని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు అంటుంటే టెన్షన్‌గా ఉంది. మధ్యలో వేరే దేశంలో విమానం కూడా మారాలి. కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.

జవాబు: ఆ రూలు అన్ని దేశాలకీ ఒకటి కాదండి. సింగపూర్, ఇండోనేషియా 6 నెలలు అడుగుతాయి. షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) మీరు అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత 3 నెలలు చాలు, కానీ పాస్‌పోర్ట్ ఇచ్చి 10 ఏళ్లు దాటి ఉండకూడదు, ఈ రెండోది చాలామంది చూసుకోరు. తేడా ఉంటే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, ఎందుకంటే కాగితాలు సరిగా లేనివాళ్లను తీసుకెళ్తే విమాన సంస్థకే జరిమానా, వెనక్కి తీసుకురావాల్సిందీ వాళ్లే.

జవాబు: విమానం మారడం సంగతి. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నారా? అలాగైతే సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయడానికి ఇమిగ్రేషన్ దాటాల్సి రావచ్చు, అప్పుడు ఆ దేశం వీసా కూడా కావాలేమో చూసుకోండి. అమెరికా మీదుగా అయితే ఒకే టికెట్ అయినా ఇమిగ్రేషన్ తప్పదు.

జవాబు: వీసా ఉంది కదా అని ధీమాగా ఉండకండి, లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారి ఇష్టం. రిటర్న్ టికెట్, బస వివరాలు ప్రింట్ తీసి పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్‌ను నమ్ముకోవద్దు.

అడిగినవారు: టికెట్ ఒకటేనండి, అమెరికా కాదు. ఇంతకీ వెళ్లేది ఇండోనేషియాకే, రేపే రెన్యువల్‌కి పెడతాను. పాత పాస్‌పోర్ట్‌లో ఉన్న వీసా చెల్లుతుందా?

జవాబు: కొన్ని దేశాలు రెండూ కలిపి చూపిస్తే ఒప్పుకుంటాయి, ఈ-వీసా అయితే పాస్‌పోర్ట్ నంబర్‌తో ముడిపడి ఉంటుంది. ముందు ఎంబసీకి మెయిల్ పెట్టండి.