లినక్స్ డెస్క్‌టాప్‌లో ఇన్ని వాల్యూమ్ స్లైడర్లు: దేనిని సరిచేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఉబుంటు 24.04 ఉంది, వెనుక ఉన్న ఆకుపచ్చ జాక్‌కు స్పీకర్లు తగిలించాను. పై ప్యానెల్‌లోని స్లైడర్‌ను 100 శాతానికి జరిపినా బ్రౌజర్‌లో పాటలు నీరసంగానే వినిపిస్తున్నాయి. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే శబ్ద నియంత్రణ ప్రోగ్రామ్ తెరిస్తే మాస్టర్ అనే ఒకే ఒక్క పట్టీ కనిపిస్తోంది, అదీ నిండుగానే ఉంది. ఇక దేనిని చూడాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
శబ్దం స్పీకరును చేరేలోపు దాటవలసిన నియంత్రణలు కాలువ మీద వరుసగా ఉన్న తూముల వంటివి. ఒకటి సగం మూసి ఉంటే మిగిలినవన్నీ బార్లా తెరిచినా ప్రయోజనం ఉండదు. మొదటిది వెబ్ పేజీలోని ప్లేయర్‌ది, తరువాతిది ఆ అప్లికేషన్‌కు పైప్‌వైర్ (అప్లికేషన్ల శబ్దాన్ని పరికరాలకు చేర్చే వ్యవస్థ) విడిగా ఉంచేది, మూడవది అవుట్‌పుట్ పరికరానిది, చివరిది సౌండ్ కార్డు సొంత మిక్సర్. మీరు ప్యానెల్‌లో జరుపుతున్నది మూడవదాన్ని మాత్రమే.

ఆల్సామిక్సర్‌లో ఒక్క పట్టీయే కనిపించడానికి కారణం, అది అసలు కార్డును కాకుండా పైప్‌వైర్‌ను చూపడమే. పై ఎడమ మూలన కార్డు పేరు గమనించండి. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకుంటే ఫ్రంట్, పీసీఎం, హెడ్‌ఫోన్ వంటి పట్టీలన్నీ బయటపడతాయి. పట్టీ కింద రెండు ‘ఎం’ అక్షరాలు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్లు; ఎం మీట నొక్కితే అక్కడ రెండు సున్నాలు వస్తాయి. ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టినప్పుడు స్పీకర్లు పూర్తిగా మూగబోతుంటే, ఆటో-మ్యూట్ మోడ్ అనే అంశాన్ని కూడా చూడాలి.

జవాబు 2:
పై వివరణ సరైనదే కాని, నా అనుమానం రెండవ తూము మీద. పాట మోగుతుండగానే పావుకంట్రోల్ (అప్లికేషన్ల శబ్ద స్థాయిలను విడివిడిగా చూపే ప్రోగ్రామ్) తెరిచి ప్లేబ్యాక్ ట్యాబ్‌లో బ్రౌజర్ స్లైడర్‌ను చూడండి. మోగని అప్లికేషన్ సాధారణంగా ఆ జాబితాలో ఉండదు. ఎప్పుడో తగ్గించిన స్థాయిని కూడా వ్యవస్థ అప్లికేషన్ వారీగా గుర్తుంచుకుంటుంది. స్లైడర్‌ను 100 దాటించమని కొందరు సలహా ఇస్తారు, దానిని నేను సమర్థించను: ఆపైన జరిగేది సాఫ్ట్‌వేర్ హెచ్చింపు మాత్రమే, ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి శబ్దం గరగరలాడుతుంది.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కార్డు పట్టీలన్నీ నిండుగానే ఉన్నాయి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో బ్రౌజర్ మాత్రం 50 శాతం దగ్గర ఉంది, పెంచగానే సరిపోయింది. అయితే సగానికి తగ్గించినంత మాత్రాన శబ్దం అంతగా పడిపోవాలా?

జవాబు 2:
పడిపోతుంది. ఆ శాతం నేరుగా తరంగ పరిమాణాన్ని సూచించదు. వినికిడికి అనువుగా ఉండాలని స్లైడర్ విలువను ఘనం చేసి (సగమైతే సగం × సగం × సగం) వాడతారు కనుక, 50 శాతం వద్ద పరిమాణం ఎనిమిదో వంతుకు, అంటే సుమారు 18 డెసిబెల్‌లు దిగువకు చేరుతుంది. పావుకంట్రోల్‌లో శాతం పక్కనే ఆ డెసిబెల్ విలువ కూడా కనిపిస్తుంది.