పాత బీసీఎఫ్ సిలిండర్‌లో గ్యాస్ వదిలేసి ఇనుముకి అమ్మేయొచ్చా?

మండపేట మిల్లు:
నమస్తే అండి. మావయ్య గారి పాత రైసుమిల్లు సర్దుతుంటే మోటారు ప్యానెల్ పక్కన 5 కేజీల ఫైర్ సిలిండర్ దొరికింది. ఊక దుమ్ము తుడిస్తే "బీసీఎఫ్ 1211", కింద 1989 అని కనిపించాయి. విచిత్రం, ముల్లు ఇంకా పచ్చలోనే ఉంది. గ్యాస్ వదిలేసి ఇస్తేనే తీసుకుంటానని పాత ఇనుము అతను పేచీ. కాలవగట్టు మీద పిన్ను లాగేద్దామంటే మావాడు ఓజోన్ పోతుందని అడ్డం పడ్డాడు. ఒక్క సిలిండర్‌కి అంత సీనుందా?

నరసాపురం ఇంజినీర్ (రిటైర్డ్):
ఉందండి, పిన్ను ముట్టుకోకండి. బీసీఎఫ్ అంటే హేలాన్ అనే మంటలార్పే గ్యాసుల్లో ఒకటి. ఓడల్లో పనిచేసినన్నాళ్లూ ఇంజిన్ రూమ్ పక్కనే దీని అన్నగారు 1301 బాటిళ్లు ఉండేవి. లీకయ్యాయేమోనని తూకం వేయించేవాళ్లం.

1211 అంటే కార్బన్ 1, ఫ్లోరిన్ 2, క్లోరిన్ 1, బ్రోమిన్ 1. పనంతా ఆ చివరి ఒకటిదే. మంటలో గొలుసుకట్టుగా సాగే చర్యను బ్రోమిన్ తెంపేస్తుంది. ఠక్కున ఆరిపోతుంది, ప్యానెల్ మీద మరక కూడా పడదు. పై వాతావరణానికి చేరాక అతినీలలోహిత కిరణాలకి అదే బ్రోమిన్ విడివడి ఓజోన్ మీద పడుతుంది. పరమాణువుకి పరమాణువు లెక్కన క్లోరిన్ చేసే నష్టానికి సుమారు 60 రెట్లు.

ఓజోన్‌ని కాపాడే మాంట్రియల్ ఒప్పందం లెక్కలో, కేజీకి ఓజోన్‌కి జరిగే హాని పాత ఫ్రిజ్ గ్యాస్‌కి 1 అనుకుంటే దీనికి 3, 1301కి 10. అంటే మీ 5 కేజీలు 15 కేజీల ఫ్రిజ్ గ్యాస్‌తో సమానం. ఫ్రిజ్‌కి 150 గ్రాములు వేసుకోండి, వంద ఫ్రిజ్‌ల గ్యాస్ కాలవగట్టున వదిలినట్టే.

అంబాజీపేట పీచు:
గురువుగారూ, మా కొబ్బరిపీచు షెడ్డులో ఉన్నవన్నీ ఏబీసీ పొడివి. వాటితోనూ ఇదే గొడవా?

నరసాపురం ఇంజినీర్ (రిటైర్డ్):
లేదు. అందులో ముఖ్య సరుకు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, మనం డ్రిప్‌లో వదిలే 12-61-0 ఎరువు కూడా అదే. ఓజోన్‌తో సంబంధమే లేదు. కాకపోతే ప్యానెల్‌లో కొడితే చెమ్మకి తుప్పు పట్టిస్తుంది, అక్కడ సీఓటూ పెట్టుకోండి. పీచు అంటుకుంటే మాత్రం కరెంటు తీసేసి నీళ్లే. పొడి పైమంట ఆపుతుంది, లోపల కుంపటిలా రగులుతూనే ఉంటుంది.

మండపేట మిల్లు:
మరి దీన్నేం చేయమంటారు?

నరసాపురం ఇంజినీర్ (రిటైర్డ్):
పిన్ను కదలకుండా తీగ కట్టి నీడలో పెట్టండి. 2010 నుంచి మన దేశంలో కొత్త హేలాన్ తయారీ లేదు, విమానాలకి ఇప్పటికీ పాతదే శుద్ధిచేసి వాడతారు. అలాంటి పాత గ్యాస్ కోసమే డీఆర్‌డీవో వారి ఢిల్లీ ల్యాబ్ సీఫీస్‌లో హేలాన్ బ్యాంకు పెట్టారు. ముందు వాళ్లకి రాసి అడగండి.

మండపేట మిల్లు:
తీగ కట్టేశానండి. ఇనుమతనికి తుప్పు సైకిలు ఇచ్చి పంపించా.