సమస్య: మంచుబండి తలను మంట వెలిగె

ఈ వారం సమస్య ఆటవెలదిలో ఉంది. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు మీవి. విషయం కూడా నేనే నిర్ణయించాను: 1997లో విండోస్ 95 కంప్యూటర్ల కోసం వచ్చిన ట్విస్టెడ్ మెటల్ 2 అనే వీడియో గేమ్. 1996లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఆ వాహన యుద్ధాన్ని అందరూ ఎరుగుదురు గాని, సీడీ మీద వచ్చిన కంప్యూటర్ రూపాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. సాల్ట్ లేక్ సిటీకి చెందిన సింగిల్‌ట్రాక్ బృందం తయారుచేసిన ఆట అది. తర్వాత వచ్చిన 3, 4 భాగాలు ప్లేస్టేషన్ దాటి రాలేదు.

ఆడనివారి కోసం ఒక మాట. స్వీట్ టూత్ అనేది ఒక ఐస్‌క్రీం బండి. దాని కప్పు మీద పళ్లికిలిస్తూ జోకర్ తల ఉంటుంది, ఆ తల మండుతూ ఉంటుంది. సమస్య అక్కడే పుట్టింది. అయితే ఆ బొమ్మను వర్ణించి ఊరుకుంటే పూరణ కాదు, మంచుకీ మంటకీ పొత్తు మీరే కుదర్చాలి.

మొదటి పూరణ

గెలిచి యడుగ వరము మెలికతో నిచ్చును
మాట విరుచునట్టి మాయగాడు
వాని పిలుపు విన్న వారిలో నొకడైన
మంచుబండి తలను మంట వెలిగె

— అక్కయ్యా, భావం బాగుంది. పోటీ పెట్టే కలిప్సో గెలిచినవాడి కోరికను అక్షరాలా తీర్చి, దానితోనే వాడిని ముంచుతాడు. అది రెండు పాదాల్లో ఇమిడింది. కాని మొదటి పాదంలో యతి తప్పింది కదా? ‘గె’కి ‘మె’ ఎలా చెల్లుతుంది?

— తప్పలేదు తమ్ముడూ, అది ప్రాసయతి, అంటే యతి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలు కలవడం. ‘గెలిచి’లో రెండో అక్షరం ల, ‘మెలిక’లోనూ ల. రెండు చోట్లా ముందున్నది లఘువే. ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది.

నిర్వాహకుడు: అక్కయ్యగారి మాటే సరైంది. పైగా ‘మెలిక’ ఇక్కడ వట్టి యతి కోసం రాలేదు, ఆట పేరులోని ‘ట్విస్టెడ్’లోనే ఆ మెలిక ఉంది. నాకున్న అభ్యంతరం వేరు. మూడో పాదంలో ‘ఒకడు’ అని మనిషిని చెప్పి, నాలుగో పాదంలో బండిని చూపారు. బండి పేరుతో బండివాణ్ణి పిలవడం వాడుకలో ఉన్నదే కాబట్టి ఒప్పుకుంటాను.

రెండో పూరణ

పారిసందు ఈఫిల్ బాంబుతో కూల్చగా
కప్పుపైకి దారి కానుపించె
ఎక్కి దాగియుండి యెదురు చూచితి, క్రింద
మంచుబండి తలను మంట వెలిగె

గురువుగారూ, పద్యం రాయడం ఇదే మొదటిసారి. పారిస్ రంగంలో టవర్‌ను పేల్చి పడగొడితే అదే వంతెనై ఇళ్ల కప్పుల మీదికి చేరుస్తుంది. చిన్నప్పుడు గంటల తరబడి అక్కడే ఉండేవాణ్ణి.

నిర్వాహకుడు: బాబూ, చివరి రెండు పాదాలు చదివి చాలా సంతోషించాను. ‘క్రింద’ అనే ఒక్క మాటతో చోటు, ఎత్తు, పొంచి ఉన్నవాడి చూపు మూడూ దొరికాయి. ఇక మొదటి పాదం. ఆటవెలది బేసి పాదంలో ముందు మూడూ సూర్యగణాలు కావాలి, అంటే నగణమో (మూడు లఘువులు) హగణమో (గురువు, లఘువు). ‘పారి’, ‘సందు’ సరే. ‘ఈఫిల్’లో ఈ గురువు, పొల్లు లకారం వెంట ఉండటంతో ‘ఫి’ కూడా గురువే. రెండు గురువులు సూర్యగణం కాదు. దానికి తోడు ‘అందు’ తర్వాత ‘ఈ’ వచ్చినప్పుడు సంధి జరగాలి, మీరు విడిచిపెట్టారు. పొల్లుతో ముగిసే పరాయి పేర్లతో ఎప్పుడూ ఈ చిక్కే. పేరు వదిలి వస్తువును పట్టుకోండి.

మూడో పూరణ

పాత సీడి దొరికె బహుకాలమున కిట్లు
తెరను చీకటంత తీరిపోయె
చుక్క చుక్క కూడి చూచుచుండగ నేను
మంచుబండి తలను మంట వెలిగె

ఇది నా కథే. ఆ కాలపు ఆటల ఇన్‌స్టాలర్లలో చాలావి 16 బిట్లవి. ఇప్పటి 64 బిట్ల విండోస్ వాటిని తెరవనే తెరవదు. కంప్యూటర్‌లోనే మరో పాత కంప్యూటర్‌ను సృష్టించుకుని, అందులో విండోస్ 95 ఎక్కించుకున్నాను. సీడీ గిర్రున తిరిగిన చప్పుడు, కాసేపు నల్లటి తెర. ఆ నలుపును ఎన్నిసార్లు చూశానో. అందుకే రెండో పాదం.

నిర్వాహకుడు: ‘సీడీ’ని ‘సీడి’ అని కురచ చేశారు, వాడుకలో ఉన్నదే, పరవాలేదు. ‘చుక్క చుక్క కూడి’ దగ్గర ఆగిపోయాను. ఆనాటి బొమ్మలు నిజంగా అలాగే ఉండేవి, చతురస్రాలను లెక్కపెట్టుకోవచ్చు. మంచుకీ మంటకీ ఉన్న వైరాన్ని మాత్రం మీరు తాకలేదు.

నాలుగో పూరణ

ఎడమ కుడియు పైకి యెంచి మీటలు నొక్క
గడ్డకట్టె నతని కారు, కదల
కుండ; గురిని జూచి కొట్టగా క్షిపణిని
మంచుబండి తలను మంట వెలిగె

— అమ్మాయీ, నువ్వు ఐస్‌క్రీం బండిని వదిలేశావా?

— వదిలేశానండీ. ఎడమ, కుడి, పై అని వరసగా నొక్కితే ఎదుటి బండి మంచుగడ్డగా మారిపోయే దాడి ఉంది కదా. అప్పుడు ఏ బండైనా మంచుబండే. విడిపోయేలోగా క్షిపణి వేయాలి.

నిర్వాహకుడు: సమస్యలోని మాటకు నేననుకోని అర్థం తెచ్చారు. మంచు నిజంగా మంచే, మంట నిజంగా మంటే. ‘కదల/కుండ’ అని పాదం చివర మాట విరగడం కూడా ఆ గడ్డకట్టిన క్షణానికి తగినట్టుంది. ‘గురిని’ తర్వాత ‘చూచి’ని ‘జూచి’ చేసి సరళాదేశం మరవలేదు. ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

— గురువుగారూ, రెండో పూరణ నాది. సవరించాను, చూడండి:

పారిసందు కూల్చ బాంబుతో టవరును
కప్పుపైకి దారి కానుపించె

నిర్వాహకుడు: పారి, సందు, కూల్చ మూడూ హగణాలే. ‘బాంబుతో’ రగణం, ‘టవరును’ నలం. పా–బాం యతి కుదిరింది. పద్యం నిలిచింది బాబూ.