లెంబాలు నిజంగా యూదుల సంతతేనా?

తీరంగాలి:
దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో వెండా జాతివాళ్ల మధ్య, వాళ్ల భాషే మాట్లాడుతూ బతికే లెంబాలు తమ పూర్వీకులు "సేనా" అనే చోటు నుంచి సముద్రం దాటి వచ్చారంటారు. పంది మాంసం ముట్టరు, సున్తీ తప్పనిసరి. 2000లో జరిగిన జన్యు పరిశోధనలో, వాళ్లలోని బూబా వంశం మగవాళ్లలో సగానికి పైగా, యూదు పూజారుల్లో తరచుగా కనిపించే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ గుర్తులు దొరికాయి. ఇంకా అనుమానమెందుకు?

చింతనీడ:
ఎందుకంటే 2013లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఇంకా ఎక్కువ గుర్తులతో మళ్లీ చూశారు. పశ్చిమాసియా మూలం నిలిచింది, యూదు మూలమని మాత్రం తేలలేదు. అసలు వాళ్ల వంశాల పేర్లు చూడండి: సాదికి, హసానె, హమీసి, షరీఫో. మొజాంబిక్ తీరంలోని సొఫాలా రేవుకొచ్చిన అరబ్బు వర్తకులు గుర్తుకురావట్లేదా? పంది మానడం, సున్తీ ముస్లింలకీ ఉన్నవేగా.

తీరంగాలి:
మరి లెంబాల ఎంగోమా లుంగుండు? నేల తాకకుండా కర్రల మీద మోసుకొచ్చిన పవిత్ర డోలు, అచ్చం యూదుల మందసంలాగే, అదే, మోషే కాలంలో పది ఆజ్ఞల పలకలు పెట్టిన పెట్టె. జింబాబ్వే రాజధాని హరారేలోని మ్యూజియంలో 2007లో బయటపడింది.

పాతరాయి:
ఆ డోలు కొయ్య సుమారు 1350 నాటిదని తేలింది, మోషే కాలం నాటిది కాదు బాబూ. పైగా అదే పేరున్న డోలు వెండా రాజవంశం సింగోలకీ ఉంది. అది మోగితే శత్రువులు మూర్ఛపోయేవారట! ఉత్తరం నుంచి లింపోపో నది దాటి, న్జెలెలె లోయలో జాటా రాజధాని కట్టినవాళ్లు వాళ్లు. ఎవరి కథ ఎవరు ఎత్తుకున్నారో ముందు తేల్చండి.

గుంటూరు మిర్చి:
మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిములున్నారు. శనివారం సబ్బాతు విశ్రాంతి పాటిస్తారు, తమది ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిం గోత్రమంటారు. రక్తం చూపించి రుజువు చెయ్యమంటే నాకు ఒళ్లు మండుతుంది. వంశమంటే నాన్నవైపే ఎందుకు చూడాలి? లెంబాల తల్లివైపు జన్యువులు ఆఫ్రికావేనని ఎప్పుడో చెప్పారుగా, దాన్నెవరూ హెడ్డింగు పెట్టరు.

చింతనీడ:
మంచి పాయింటు. లెంబాలు బయటి ఆడపిల్లని తంతు జరిపి కలుపుకుంటారు, బయటి మగాణ్ణి దాదాపు రానివ్వరు. ఆ లెక్కే జన్యువుల్లో కనిపిస్తోంది.

తీరంగాలి:
అంటే మగవాళ్లు పడవల్లో వచ్చి ఇక్కడి అమ్మాయిల్ని పెళ్లాడారన్న వాళ్ల పెద్దల మాట నిలబడినట్టేగా! యూదులా అరబ్బులా అన్నది వదిలేస్తా. పడవని మాత్రం వదలను.